దిమ్మ మోసిన తలలు

కృపానిధి రోజూ గడ్డం గీసుకునేటప్పుడు పదకొండు పేర్లు చెప్పుకుంటాడు. పైకి వినబడనివ్వడు, పెదవులు మాత్రం ఆడతాయి. పదకొండు బుజ్జి, పది నూకరాజు, ఇలా వెనక్కి వెనక్కి వచ్చి ఒకటి సూర్యనారాయణ దగ్గర ఆగుతాడు. 1989లో జిల్లా కప్పు గెలిచిన శారదా ఫుట్‌బాల్ క్లబ్ జట్టు అది. పేర్లన్నీ వరసగా వస్తే ఆ పూటకి గండం గడిచినట్టే. భార్య లూర్దు మేరీ అదేదో ప్రార్థన అనుకుంటోంది. అరవై దాటాకైనా మొగుడికి దేవుడు గుర్తొచ్చాడని చర్చిలో నలుగురికీ చెప్పుకుంది కూడా.

ఆగస్టులో ఒక మంగళవారం ఎనిమిదో నంబరు తర్వాత ఏమీ రాలేదు.

రేజరు చెంప మీదే ఆగిపోయింది. ఏడో నంబరు, రైట్ అవుట్. నల్లగా పొట్టిగా ఉంటాడు, ఎడమ బూటు లేసు ఎప్పుడూ ఊడిపోతూ ఉండేది, పెనాల్టీ కొట్టే ముందు నేలకి దణ్ణం పెట్టేవాడు. మనిషి మొత్తం కళ్లెదుట ఉన్నాడు, పేరు మాత్రం లేదు. నురగ చెంప మీదే ఎండిపోయింది. అద్దంలో తన మొహం తనకే ఎవరిదోలా కనబడింది. కృపానిధి పక్కనున్న కుళాయి పట్టుకుని నిలబడ్డాడు.

టిఫిన్ దగ్గర ఉప్మా ముద్ద నోట్లో పెట్టుకున్నాక, "వరహాలు" అని పైకే అనేశాడు.

"వరహాలెవరండీ?" అంది మేరీ.

"మా ఏడో నంబరు. నక్కపల్లిలో టైర్ల షాపు పెట్టేడు గదా."

"ఆడిప్పుడెందుకు గుర్తొచ్చేడు?"

"ఊరికినే" అని ప్లేటు పక్కకి జరిపాడు.

అతని భయం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే దిమ్మ సంగతి చెప్పాలి. అనకాపల్లిలో దిమ్మ అంటే బెల్లం దిమ్మే. శారదా క్లబ్బులో మాత్రం దిమ్మ అంటే బంతి.

క్లబ్బు పెట్టిన బంగారయ్య బెల్లం మార్కెట్లో కాటా వేసే మనిషి. అక్షరమ్ముక్క రాదు, అయినా ఊరంతా మాస్టారనే పిలిచేది. బస్తాలు మోసేవాళ్ల పిల్లల్ని, చెరకు రైతుల పిల్లల్ని పోగేసి శారదానది ఒడ్డున ఆట నేర్పాడు. కృపానిధి తండ్రి కూడా మార్కెట్లో దిమ్మలు మోసినవాడే. ఒక ఏడాది బయటి జట్టు ఒకటి వచ్చి, మూడు గోల్సూ తలతోనే కొట్టి వెళ్లింది. ఆ అవమానం మాస్టారికి వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండాలి కదా అని ఒక ఉపాయం కనిపెట్టాడు. బెల్లం వండే పాత పెనం ఒకటి గ్రౌండు పక్కన పడేయించి, దాన్నిండా నీళ్లు పోయించి, తోలు బంతిని సాయంత్రం అందులో ముంచి పైన రాయి పెట్టేవాడు. తెల్లారేసరికి బంతి నీళ్లు పీల్చుకుని దిమ్మలా బరువెక్కేది. వెనక ఆడే నలుగురూ రోజూ తలా నలభైసార్లు దాన్ని తలతో కొట్టాలి. దీనికి అలవాటు పడ్డ తలకి మ్యాచ్ రోజున పొడి బంతి దూదిలా ఉంటుందని ఆయన లెక్క.

ఆ లెక్క తప్పలేదు, అదే వచ్చిన చిక్కు. స్టాపర్‌గా వెనక వరస మధ్యలో ఆడే కృపానిధి, అతనికి చెరో పక్కన ఆడే సత్తియ్య, త్రినాధరావు, మూలన నానాజీ. వీళ్ల తలల మీదుగా బంతి దాటిందంటే జిల్లాలో వింతగా చెప్పుకునేవారు. దిమ్మ నుదుటికి తగిలినప్పుడు కళ్లముందు చుక్కలు కనబడేవి. ఎవడైనా తల తిరిగి కూలబడితే మాస్టారు నోట్లో బెల్లం ముక్క పెట్టి, "పద, ఇంకా పదున్నాయి" అనేవాడు. సత్తియ్య ఒకసారి లేచి బంతి తన్నుకుంటూ తమ గోలు వైపే పరుగెత్తాడు. నవ్వలేక చచ్చారందరూ. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వే కృపానిధి గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటుంది.

కప్పు గెలిచిన మరుసటేడు అతనికి కరెంటు డిపార్టుమెంటులో ఉద్యోగం వచ్చింది, లైన్‌మన్‌గా స్తంభాలెక్కి దిగుతూ ముప్ఫయ్యేళ్లు గడిపాడు. మాస్టారు పోయాక క్లబ్బు కోచింగు అతని మీద పడింది. అప్పటికి కొత్తరకం బంతులొచ్చాయి, అవి నీళ్లు పీల్చవు. "ఇవేం బంతులు, బుడగలు" అని విసుక్కుని, మాస్టారి నాటి తోలు బంతినే మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే అతని చేత కుట్టించి, చిరిగితే మళ్లీ కుట్టించి, ఆరేళ్లపాటు పిల్లల నుదుళ్ల మీద వేయించాడు. ఆ పిల్లల్లో అతని కొడుకు సురేష్ బాబు ఒకడు. ఐదో నంబరు, తండ్రి నంబరే.

ఐదేళ్ల కిందట సత్తియ్య ఒక మిట్టమధ్యాహ్నం బూట్లు కట్టుకుని గ్రౌండుకి వచ్చాడు. మాస్టారేడీ, ప్రాక్టీసు లేదా అని అడిగాడు. మాస్టారు పోయి అప్పటికి ఇరవయ్యేళ్లు. కొన్నాళ్లకి ఇంటి దారి మరిచాడు, ఆ పైన అన్నం తినడం మరిచాడు, రెండేళ్ల కిందట వానాకాలంలో పోయాడు. ఆ ఏడాదే త్రినాధరావుకి మొదలైంది. ఇప్పుడు కట్టుకున్న అప్పలకొండమ్మనే "ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏటి సేత్తన్నావు?" అని అడుగుతాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "పక్కింటిదాన్ని బాబూ, కూరిద్దామని వచ్చేను" అని అన్నం కలిపి పెడుతుంది. కృపానిధి ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లి వచ్చేవాడు.

సరిగ్గా అప్పుడే సురేష్ బాబు ఫోన్‌లో ఏదో చదివి తండ్రికి చూపించాడు. "సూడు డాడీ, ఎక్కడో బంతిని తలతో ఎక్కువ కొట్టిన ఆటగాళ్లకి ముసిలితనంలో మతిమరుపు వత్తందట. డాక్టర్లు పరిశోధన సేత్తన్నారట."

"ఆళ్లకేటి, తాగుడెక్కువ" అని కొట్టిపారేశాడు కృపానిధి. మర్నాటి నుంచే పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

క్లబ్బు రోజు ఆగస్టు ఆఖరి ఆదివారం. ఆ రోజు పాత జట్టుని పిలవడం మాస్టారు పెట్టిన ఆనవాయితీ. ఆయనకి చదువు రాదు కాబట్టి కాగితం పనికిరాదు. కెప్టెన్ గ్రౌండు మధ్యలో నిలబడి మనసులోంచి పేర్లు పిలవాలి, ఎవడి చోట వాడు నిలబడి "ఉన్నాను" అనాలి. పిలుపు పదకొండు నుంచి ఒకటికి వస్తుంది. గోలు కొట్టేవాడి కన్నా కాపాడేవాడు పెద్ద, పెద్దవాడి పేరు ఆఖరున రావాలని మాస్టారి పట్టు. పోయినవాడి పేరొస్తే మిగతా అందరూ ఒక్కగొంతుతో "ఉన్నాడు" అంటారు. ఆ కెప్టెన్ కృపానిధే. ముప్ఫయ్యేళ్లుగా తడుముకోకుండా పిలిచిన మనిషి.

ఈసారి ఒంట్లో బాగోలేదని తప్పించుకుందామని చూశాడు. "నువ్వు రాకపోతే ఎవరు పిలుత్తారు డాడీ? ఇంకెవరికీ వరస రాదు గదా" అన్నాడు సురేష్ బాబు. ఊరంతా చూస్తుండగా ఏడో నంబరు దగ్గర నోరు పడిపోతే? సత్తియ్య దారిలోనే ఈడూ అని అందరూ అనుకుంటే? మేరీ తనకి అన్నం కలిపి పెడుతూ పక్కింటిదాన్నని చెప్పుకోవలసి వస్తే? ఆదివారం పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరే ముందు బాత్రూములో తలుపేసుకుని అరచేతి మీద పెన్నుతో "7 వరహాలు" అని రాసుకున్నాడు. మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టి ఉండేవాడు.

గ్రౌండులో షామియానా వేశారు. కొత్త ఆటగాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, పాతవాళ్ల కుటుంబాలు, అంతా కలిపి రెండొందల మంది ఉంటారు. అప్పలకొండమ్మ త్రినాధరావుని ఆటోలో తీసుకొచ్చింది. దిగీ దిగగానే ఆయన ఎవరూ చెప్పకుండా నడుచుకుంటూ వెళ్లి, మూడో నంబరు ఎక్కడ నిలబడాలో సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. అది చూసి నానాజీ కళ్లు తుడుచుకున్నాడు.

కృపానిధి మధ్యలోకి వెళ్లాడు.

"పదకొండు, బుజ్జి."

"ఉన్నాను" అన్నాడు బట్టతల బుజ్జి.

"పది, నూకరాజు."

"ఉన్నాడు" అన్నారందరూ. నూకరాజు పోయి పదేళ్లు.

తొమ్మిది వచ్చాడు, ఎనిమిది వచ్చాడు. కృపానిధి అరచెయ్యి విప్పి చూసుకున్నాడు. చెమటకి సిరా అలికిపోయి నీలం మరక మిగిలింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్లు మూసుకున్నాడు. అంతలో ఎక్కణ్ణుంచి వచ్చిందో, "ఏడు, వరహాలు" అని నోరే పలికేసింది. "ఉన్నాను బావా" అన్నాడు వరహాలు, ఊడిన లేసుతోనే.

ఇంక భయం లేదు. ఒళ్లంతా తేలికైపోయింది. ఆరు పిలిచాడు. ఐదు దగ్గర తన గుండె మీద చెయ్యేసుకుని "నేనున్నాను" అంటే జనం చప్పట్లు కొట్టారు. గొంతు కూడా పాతరోజుల్లోలా ఖంగుమంది.

"నాలుగు, సత్తియ్య."

"ఉన్నాడు" అన్నారందరూ.

కృపానిధి మొహం చిట్లించాడు. "మీరెందుకు పలుకుతారర్రా? ఆణ్ణి పలకనీండి. ఏడీడు? ఇంకా బూట్లు కట్టుకుంటన్నాడా?"

షామియానా కింద ఎవరో నవ్వారు. పెద్దాయన సరదా చేస్తున్నాడనుకుని ఇంకో ఇద్దరు నవ్వారు. కృపానిధి మాత్రం నాలుగో నంబరు చోటు వైపే చూస్తున్నాడు. "సత్తియ్యా, పలకవేట్రా?" అని ఇంకాస్త గట్టిగా పిలిచాడు. నవ్వులు ఆగిపోయాయి.

త్రినాధరావు తన చోటు కదలకుండా మెల్లగా అన్నాడు. "బావా, సత్తియ్య పోయేడు గదా. మనవే మోసేం. వాన్లోని. నువ్వు ముందరున్నావు."

పెళ్లాన్ని గుర్తుపట్టలేని మనిషి చెప్పిన మాట అది. కృపానిధికి భుజం మీద పాడె కర్ర బరువు తెలిసింది, వానకి జారుతున్న బురద పాదాల కింద తెలిసింది. పేరు పోతుందేమోనని కాపలా కాశాడు గానీ, పేరు భద్రంగా ఉండి మనిషి చచ్చిన సంగతి పోతుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఏ పేర్లు చెప్పుకుంటే ఈ దొంగ దొరుకుతాడు? అతనికి ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా భయమేసింది. మూడు, రెండు, ఒకటి ఎలా పిలిచాడో అతనికే తెలియదు.

ఇంటికొచ్చాక మేరీ అతనికి మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. తర్వాత, "రోజూ అద్దం ముందర సెప్పుకున్నది ఇదేనా?" అని అడిగింది. అవునన్నాడు. "నాకొక్క మాట సెప్పలేకపోయేరా? నేను పక్కింటిదాన్నా?" అని అతని చెయ్యి పట్టుకుని, నీలం మరకని పమిటచెంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది పోలేదు.

గురువారం పొద్దున్న సురేష్ బాబు స్కూలుకి సెలవు పెట్టి తండ్రిని విశాఖపట్నంలో తలకి సంబంధించిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. అతనిప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల మాస్టారు, వయసు ముప్ఫై నాలుగు. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాక నెమ్మదిగా అడిగాడు.

"డాడీ, మా బ్యాచీకి దిమ్మ ఎన్నేళ్లు కొట్టించేవు?"

"ఆరేళ్లు."

"రోజూ నలభయ్యేనా?"

కొడుక్కి నలభై కాదు. కోచ్ కొడుకు కదా, పక్షపాతం అనుకోకూడదని అందరి కన్నా పది ఎక్కువ కొట్టించాడు. తల తిరుగుతోందన్న రోజున నోట్లో బెల్లం ముక్క పెట్టి, "పద, ఇంకా పదున్నాయి" అన్నాడు.

"నీకు యాభై" అన్నాడు కృపానిధి.

సురేష్ బాబు తలూపాడు. కోపంగా చూడలేదు, ఆ చూపు అయినా చూసి ఉంటే బాగుండేది. "మొన్న నీ కోడలు గ్యాసు పొయ్యి కట్టెయ్యమంటే మరిసిపోయేను. అంతే. ఏటీ లేదు" అన్నాడు. అని ఎదుటి గోడకేసి తిరిగి కూర్చున్నాడు.

కాసేపటికి కృపానిధి పక్కకి చూశాడు. కొడుకు పెదవులు కదులుతున్నాయి. పైకి ఏమీ వినబడటం లేదు. ఏం చెప్పుకుంటున్నాడో ఈ ప్రపంచంలో ఇంకెవరికీ తెలియక్కర్లేదు, కృపానిధికి తెలుసు. కొడుకు బ్యాచీ జట్టుని ఎంచినవాడు తనే. పదకొండు, పది, తొమ్మిది. కొడుకు పెదవులతో పాటే తనూ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లు తన తల గురించి పడ్డ భయం ఇప్పుడు చిన్నదైపోయింది. ఆరు దగ్గర పెదవులు ఆగాయి. కృపానిధి వేలు మడవకుండా ఆగాడు. మళ్లీ కదిలాయి. ఐదు.

తలుపు తెరుచుకుని నర్సమ్మ పిలిచింది. "కృపానిధి ఎవరండీ? లోపలికి రండి."

అతను లేవలేదు. మడిచిన వేళ్లు విప్పకుండానే చెయ్యెత్తి, "ఒక్క నిముషం ఆగమ్మా" అన్నాడు. "ఇంకా నాలుగు పేర్లున్నాయి."