కడగని వాలుకట్టె

డెబ్బైలలో మా మట్టెవాడలో నన్ను వడ్రంగి అని పిలిచినవాళ్లు లేరు. "పెట్టెలాయన" అనేవాళ్లు. పెట్టెలంటే బట్టలు దాచుకునేవి కాదు. మా క్రైస్తవులలో ఎవరైనా చనిపోతే సమాధిలో దించడానికి పెట్టె కావాలి. బజారులో పేరున్న వడ్రంగులు ఆ పనికి ఒప్పుకునేవారు కాదు. చావు పని చేసిన చేత్తో గుమ్మం ఎత్తితే ఆ ఇంటివాళ్లు ఊరుకోరని వాళ్ల భయం. అలా అది నా మెడకు చుట్టుకుంది. నేను పుట్టు వడ్రంగిని కాను. మా నాయన మరిపెడ దగ్గర కూలి చేసి బతికినవాడు. నాకు పని నేర్పినవాడు కూడా ఎవడూ లేడు. పని జరిగేచోట నిలబడి చేతులు చూసి, ఇంటికొచ్చి చెక్కలు పాడుచేసి నేర్చుకున్నాను. చదువు మధ్యలో వదిలేసినవాడికి కోణాలు ఎవరు చెప్తారు?

నాకు కావలసింది ఒక్కటే. బతికున్నవాళ్లకు పనిచేయాలి. మంచమో, తలుపో, కుర్చీయో, "ఇది ఫలానాయన చేసిండు" అని ఇంటివాళ్లు నలుగురికి చూపించుకునే వస్తువు చేయాలి. పెట్టె ఎంత బాగా చేసినా మట్టిలోకే పోతుంది. దాన్ని రెండోసారి చూసేవాడుండడు.

ఆ పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా ఉండి, తల వైపుకూ కాళ్ల వైపుకూ సన్నబడుతుంది. భుజం దగ్గర రెండు పలకలు ఏటవాలుగా కలవాలి. రెండింటికీ ఒకే వాలు కోయాలి. ఒక్కో కోతలో వెంట్రుకంత తేడా వచ్చినా, కలిసిన చోట అది రెండింతలై కనిపిస్తుంది. పైగా చావు ఇంట్లో నిదానానికి చోటు లేదు. పొద్దున పోయినవాళ్లను చీకటి పడకముందే తీసుకుపోవాలి. పక్కనే ఏడుపు వినిపిస్తుంటే రంపం పట్టిన చెయ్యి తిన్నగా ఎలా నడుస్తుంది? నా మొదటి పెట్టెలన్నీ భుజాల దగ్గర నోళ్లు తెరుచుకునే ఉండేవి. రంపపు పొట్టులో జిగురు కలిపి ఆ సందుల్లో కూరేవాణ్ణి. మోసేవాళ్లు ముందు సందును చూసేవాళ్లు, తర్వాత నా ముఖం చూసేవాళ్లు. ఏమీ అనేవాళ్లు కాదు. అంటేనే బాగుండేది.

అందుకే వాలుకట్టె చేసుకున్నాను. ఆ పేరు నేను పెట్టుకున్నదే. బాగా ఎండిన తుమ్మ మొద్దు ఒకటి తీసుకున్నాను. దాని ఒక ముఖాన్ని నాకు కావలసిన వాలుకు చిత్రిక పట్టాను. అడుగున ఒక చివర అడ్డపట్టీ కొట్టాను. ఆ పట్టీ పలక అంచుకు ఆనితే మొద్దు అటూ ఇటూ తిరగదు. ఇక పలక మీద మొద్దును పెట్టి, మడమతో తొక్కిపట్టి, రంపాన్ని ఆ వాలు ముఖానికి ఆనించి లాగడమే. చెయ్యి వణికినా రంపం దారి తప్పదు. ఇవాళ కోసినా, ఆరు నెలల తర్వాత కోసినా అదే వాలు.

వినడానికి ఇంతే. ఆ వాలు కుదిరేసరికి మాత్రం నా ప్రాణం పోయినంత పనైంది. రెండు తుంటలు కోసి, కలిపి, వెలుతురుకు ఎత్తి చూసేవాణ్ణి. సందులోంచి వెలుగు కనిపిస్తే మొద్దుకు మళ్లీ చిత్రిక. పైన వెలుగు పోతే కింద వచ్చేది, కింద పోతే పైన. చివరకు వెలుగు కనిపించని రోజున మా ఆవిడను కేకేసి పిలిచాను.

"ఏం గనబడుతాంది చూడు?"

"ఏం గనబడుత లేదు."

"గదే! గదే గావాలె నాకు!"

"ఏం గనబడకపోతె గంత సంబురమా? జర గడప కాడి పొట్టు ఎత్తిపోయ్, కాళ్లకు అంటుతాంది."

మావాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. సమాధి పనికి తీసుకుపోయిన పార కానీ, గడ్డపార కానీ కడగకుండా ఇంట్లోకి తేకూడదు. ఇది బైబిల్లో లేదు. మా చర్చి పాస్టరు అయ్యగారు ఏనాడూ చెప్పలేదు. మా తాతలు మతం మారినప్పుడు దీన్ని మాత్రం మూట కట్టుకుని వచ్చారు. నా రంపం, సుత్తి బావి దగ్గర కడిగి తుడిచేవాణ్ణి. వాలుకట్టెను కూడా మొదట్లో కడిగాను. తుమ్మదైతే మాత్రం ఏం, కట్టె కట్టే కదా. నీళ్లు తాగి ఉబ్బింది. ఎండలో పెడితే ఒక పక్కకు లాగింది. తర్వాతి పెట్టె భుజం మళ్లీ నోరు తెరిచింది. మొద్దును మళ్లీ సరిచేసుకుని, ఇక కడగడం మానేశాను. పొడిగుడ్డతో తుడిచి దూలానికి వేలాడదీసేవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

ఎనభైల మొదట్లో మా చర్చికి బెంచీలు చేయించాలన్నారు. అప్పటిదాకా అందరం కొత్తవాడలో నేసే జంపఖానాల మీదే కూర్చునేవాళ్లం. ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని లేస్తుంటే పాట సగం అయిపోయేది. సంఘపెద్ద దవాఖానలో కంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. ఒక ఆదివారం నలుగురిలో నన్ను పిలిచాడు.

"ఏమ్రా తమ్మీ, బెంచీలు చేస్తవా? బజారోళ్లను పిలుద్దామనుకుంటె మనోడివి నువ్వుంటివి."

"చేస్త పెదనాయనా. నువ్వు ఫికర్ జేయకు."

"పెట్టెల్లెక్క చెయ్యకు మల్ల. గూసున్నోడు లేవాలె గద!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

బెంచీ వీపు కొంచెం వెనక్కి వాలాలి. అంటే ప్రతి వెనక కాలి అడుగునా ఒకే వాలు కోయాలి. ఒక తుంట మీద వాలుకట్టె పెట్టి చూస్తే, మనిషి నడుముకు సరిగ్గా సరిపోయే వాలు అదే. చేతిలోకి తీసుకున్నప్పుడు అనుమానం రాలేదా అని తర్వాత చాలామంది అడిగారు. రాలేదు. వాలు వాలే. పోయినవాళ్లకు ఒక వాలు, ఉన్నవాళ్లకు ఒక వాలు అని చెక్కకేం తెలుసు?

వెనక కాళ్లన్నీ ఒకే పొడవు రావడానికి ఒక పలక మీద అడ్డుచెక్క కొట్టాను. కాలి చివర దానికి తాకించి, ఇటు వాలుకట్టె ఆనించి కోస్తే కొలత కర్ర అక్కర్లేదు. అయినా మొదటి బెంచీ కుంటింది. కాళ్లు ఒకదాని కంటే ఒకటి పొట్టిగా వచ్చాయి. తల పట్టుకుని కూర్చున్నాను. చూస్తే రంపపు పొట్టు అడ్డుచెక్క మూలలో పేరుకుంటోంది. తర్వాతి కాలు చెక్కను తాకకుండా ఆ పొట్టును తాకి ఆగుతోంది. అడ్డుచెక్క కింది అంచును ఉలితో వాలుగా చెక్కేశాను. పొట్టు ఆ సందులోకి పోయింది, కాలు చెక్కకు తాకింది. ఇక కోసినవన్నీ కవల పిల్లలే.

బెంచీలు వేసిన ఆదివారం నేను జీవితంలో మర్చిపోను. గుమ్మంలో నిలబడి చూస్తే వీపులన్నీ ఒకే గీతలో ఉన్నాయి. ఒక ముసలవ్వ కూర్చుని, వెనక్కి వాలి, "అబ్బ, నడుం ఆనుతాంది బిడ్డా" అంది. అయ్యగారు ప్రార్థనలో "మా వడ్రంగి చేతుల కొరకై స్తోత్రం" అన్నారు. కళ్లు మూసుకుని వింటున్నాను కాబట్టి సరిపోయింది. తెరిచి ఉంటే నా కన్నీళ్లు అందరికీ కనిపించేవి.

ఆరాధన అయ్యాక బయట ఆడవాళ్లు మా ఆవిడ చుట్టూ చేరారు. మా ఆవిడ అమాయకురాలు. ఆ రోజు సంతోషం కూడా ఎక్కువైంది.

"మాయన దగ్గర ఒక కట్టె ఉన్నది. దాంతోని ఎన్ని కోసినా ఒక్కతీర్గ వస్తయ్. పాణం లెక్క చూసుకుంటడు. నీళ్లు సుత తాకనియ్యడు."

"ఏ కట్టె? పెట్టెలు గోసేదేనా?" అంది ముసలవ్వ.

"గదే అవ్వా."

"మరి కడుగడా దాన్ని?"

"కడిగితె ఉబ్బుతదట."

ముసలవ్వ రెండడుగులు వెనక్కి జరిగింది. తను ఏమన్నదో మా ఆవిడకు అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చేదాకా కొంగు నోట్లో పెట్టుకుని నడిచింది.

మరుసటి ఆదివారం చర్చిలోకి అడుగుపెడితే బెంచీలన్నీ ఖాళీ. వాటి ముందు, మధ్య దారిలో, గోడల వెంట జంపఖానాలు పరిచి జనమంతా నేల మీద కూర్చున్నారు. అయ్యగారు నన్ను చూసి బైబిలు పేజీలు తిప్పుకున్నారు. వెనక్కి పోదామా అనుకున్నాను. ముందుకు నడిచి, నేను చేసిన బెంచీ మీద నేనే కూర్చున్నాను. మా ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, ఆడవాళ్ల జంపఖానా చివర నేల మీద కూర్చుంది. ఆమెను ఏమీ అనను. రేపు ఆమె నీళ్లకు పోయేది వాళ్లతోనే కదా.

"కూసో బిడ్డా, నువ్వు మంచిగ కూసో. మేం ఇంకా కొన్ని దినాలు బతుకుతం" అంది ముసలవ్వ. కిసకిసలు వినిపించాయి. అందరి తలలూ కిందున్నాయి, నేను ఒక్కణ్ణే పైన. దొంగను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టినట్టుంది. పాటకు అందరూ లేచినప్పుడు కొంత నయమనిపించింది. మళ్లీ కూర్చోవలసి వచ్చేసరికి ఒళ్లంతా చెమట.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద అక్కడే నిలదీశాడు.

"కడుగని కట్టెను దేవుని ఇంట్ల పనికెట్ల పెడితివిరా?"

"కడిగితె వాలు పోతది పెదనాయనా."

"పోతె పోనీ! మర్యాద పోలే?"

"మీ అన్నను పండుకోబెట్టిన పెట్టె సుత గా కట్టెతోనే గోసిన. మూలలు మంచిగ కుదిరినయని నువ్వే అంటివి."

"అంటి. ఎందుకనలే? గది ఆయనకు. గిది మాకు."

అయ్యగారు మెల్లగా "ఇవన్నీ మూఢనమ్మకాలు" అన్నారు. ఆయన కూడా ఆ రోజంతా నిలబడే ఉన్నారు. ఆయన కోసం వేసిన బెంచీ మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. చదువుకున్నవాళ్లు నోటితో ఒకటి చెప్తారు, పిరుదులతో ఇంకొకటి.

చివరకు పెద్దలు తేల్చింది ఇది. ఆ కట్టె తాకిన కోత కనిపించకూడదు. కొత్త కట్టె చేసి, అందరి ముందు, ప్రతి కాలునూ మళ్లీ కోయాలి. ఇంటికొచ్చి "చెయ్య. తల తీసినా చెయ్య" అని అరిచాను. మా ఆవిడ పొయ్యి ముందు నుంచి తలెత్తకుండా అంది: "చెయ్యకుంటె జిందగీ అంత పెట్టెలే. నీ ఇష్టం."

చేశాను. కొత్త తుమ్మ మొద్దు తెచ్చి, పాత కట్టె వాలుకు ముఖం ముఖం ఆనించి, వెలుగు కనిపించనంతవరకు చిత్రిక పట్టాను. అంటే పాతదాని బిడ్డే అది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చర్చి ముందు ఎండలో బెంచీలను బోర్లా వేసి, జనం చుట్టూ నిలబడి చూస్తుండగా, ప్రతి వెనక కాలి నుంచి సన్నని ముక్క కోసి పడేశాను. అరటికాయ చక్రాల్లా రాలాయి. ముందు కాళ్లు ఏ పాపమూ ఎరగవు. అవి తిన్నగా కోసినవి, వాలుకట్టె వాటిని తాకనే లేదు. అయినా బెంచీ సమంగా నిలవాలి కాబట్టి వాటినీ కోశాను. రాలిన ముక్కలన్నీ ఏరి ఎవరో కాల్చేశారు. మంచి కట్టె.

సంఘపెద్ద ముందుగా కూర్చున్నాడు. అటూ ఇటూ కదిలాడు. వెనక్కి వాలాడు.

"ఇప్పుడు మంచిగున్నది. మొన్నటిది జర వీపుకు గుచ్చుతుండె."

అదే వాలు. ఒక్క వెంట్రుక తేడా లేదు. నేను తల దించుకుని రంపం తుడుచుకున్నాను. "అదే వాలు పెదనాయనా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే ఆయన వెనకే అందరూ కూర్చుంటున్నారు.

తర్వాత నాకు పనులొచ్చాయి. తలుపులు, మంచాలు, బడి పిల్లలకు బల్లలు. పిలవడం కూడా మారింది. నేను కోరుకున్నదే దొరికింది. అది దొరికిన పద్ధతి గుర్తొస్తే మాత్రం నలుగురిలో ఉన్నా చెవులు వేడెక్కుతాయి. తప్పు చేయనివాణ్ణి, తప్పు కడుక్కున్నవాడిలా నిలబడ్డాను. వాళ్లు క్షమించారు, నేను ఒప్పుకున్నాను. ఏం చేశానని?

ఇంత కోపం ఉన్నవాణ్ణి కదా, ఇది కూడా చెప్పాలి. రెండు కట్టెలూ ఒకే దూలానికి వేలాడేవి. చూడ్డానికి ఒకటే. పాతదాని అంచున ఉలితో చిన్న గాటు పెట్టుకున్నాను. ఏది ఏదో తెలిస్తే పని సులువని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నేళ్లకు మా అమ్మాయి కాన్పుకొచ్చింది. పుట్టబోయే బిడ్డకు తొట్టెల చేయాలి. కాళ్లు వాలుగా కోయాలి. ఇంట్లో ఎవరూ లేరు. అందరూ దవాఖానకు పోయారు. చెయ్యెత్తితే పాత కట్టె చేతికొచ్చింది. బొటనవేలికి గాటు తగిలింది. దాన్ని మళ్లీ మేకుకు తగిలించి, రెండోదాన్ని తీశాను.

తొట్టెల బాగా కుదిరింది. వచ్చినవాళ్లందరికీ మా ఆవిడ ఊపి చూపించేది. దాన్ని చూస్తే బొటనవేలికి మళ్లీ ఆ గాటే తగిలినట్టుండి, నేను ఆ గదిలోకి పోవడానికి జంకేవాణ్ణి.