ఖాళీ సీసాల డాక్టరు

లోకంలో ఎక్కడైనా ఖాళీ సీసాతో పోతే డాక్టరు మందు నింపి పంపిస్తాడు. ధర్మవరంలో డాక్టరు కుళ్ళాయప్ప నిండు సీసాతో వచ్చినవాళ్ళను ఖాళీ సీసాతో పంపించేవాడు. అదీ ముసలివాళ్ళను మాత్రమే. పిల్లలకు, పడుచువాళ్ళకు అందరు డాక్టర్లలాగే మాత్ర ఇచ్చేవాడు, సూది పొడిచేవాడు. తల నెరిసిన మనిషి గడప దాటితే మాత్రం ఆయన చెయ్యి నాడి మీదికి కాక నేరుగా ఆ మనిషి చేతిసంచి మీదికి పోయేది.

ఇంట్లో ఉండే మందులన్నీ తెచ్చినావా అన్నది మొదటి ప్రశ్న. అన్నీ అంటే అన్నీ. లేహ్యాలు, భస్మాలు, రైలు స్టేషనులో కొన్న తైలం, వియ్యంకుడు మిగిల్చిపోయిన జ్వరం మందు, ఎందుకు తెచ్చారో ఎవరికీ గుర్తులేని గుళికలు. వాటిని బల్ల మీద వరసగా పెట్టించి, మూత తీసి వాసన చూసి, అక్కర్లేదనుకున్నవి పెరట్లో మందార చెట్టు మొదట్లో పోసేవాడు. ఊళ్ళో ఉన్న జబ్బులన్నిటి మందూ ఆ మందారకే పడింది. ఎప్పుడు పూయాలో, ఎప్పుడు ఆకు రాల్చాలో పాపం దానికి తెలిసేది కాదు. "చూడవ్వా, చెట్టుకే మతి పోయింది. నీకు పోదా?" అని వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించేవాడు.

బత్తలపల్లి నుంచి బండి కట్టుకుని వచ్చిన ఒక పెద్దరైతు అట్లాగే ఖాళీ సంచితో బయటపడి, మందుకోసం వస్తే ఉన్న మందు కూడా పాయె అని వీధంతా వినబడేట్టు చెప్పుకుంటూ పోయాడు.

డాక్టరు అంతటితో వదిలే రకం కాదు. సాయంత్రమయితే గొడుగు చంకన పెట్టుకుని, చెప్పాపెట్టకుండా ఇళ్ళ మీద పడేవాడు. గూట్లో, అటక మీద, బియ్యం కుండలో, దిండు కింద, ఎక్కడ సీసా దాచినా పట్టేసేవాడు. దొంగసారా కాసేవాళ్ళు అధికారులకు భయపడినట్టు ఊళ్ళో అవ్వలూ తాతలూ ఆయనకు భయపడేవాళ్ళు. వీధి మొదట్లో గొడుగు కనబడితే చాలు, "వస్తాండాడు" అన్న మాట ఆయనకంటే ముందు వీధి చివరికి చేరేది.

పట్టుచీరలు నేసే ఈశ్వరప్పకు ఈ డాక్టరంటే బొత్తిగా నమ్మకం లేదు. మందు ఇవ్వని డాక్టరు, పోగు లేని మగ్గం ఒకటే అనేవాడు. ఆయన తల్లి గంగులమ్మకు గుండెదడ, దానికి తోడు రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఈశ్వరప్ప తల్లిని పెనుకొండకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు గుండెకు చుక్కల మందు ఇచ్చి, కాళ్ళ వాపు చూసి ఉప్పు మానమన్నాడు. చీరలు అమ్మడానికి హిందూపురం పోయినప్పుడు ఇంకో డాక్టరు నిద్రకు మిక్చరు ఇచ్చాడు. అదే ఊళ్ళో వేరొకరు నరాల బలహీనతకు మరో మిక్చరు ఇచ్చారు. ఈశ్వరప్ప రైలు దిగాడంటే సంచిలో సీసా ఉండాల్సిందే. కొడుకు ప్రేమంతా గంగులమ్మ గూట్లో వరసగా నిలబడి ఉండేది.

గంగులమ్మ అంటే ఆ వీధిలో అచ్చు అతికే చెయ్యి. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే నేతగాళ్ళు దాన్ని తెంపి పారెయ్యరు. దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలేసి అతుకుతారు. ఆమె బూడిద అద్దుకున్న వేళ్ళతో అతికిన పోగు చీర అయిపోయేదాకా తెగేది కాదు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటేడు ఆ వేళ్ళు వణికాయి. ఆమె పట్టపగలు నిద్రపోవడం మొదలుపెట్టింది. లేస్తే తూలి పడింది. ఏమీ లేని గోడను చూపించి, నిండా చీమలు పాకుతున్నాయి, చీపురు తెమ్మంది. ఆ వయసులో ముఖం మీద పడుచుపిల్లలా మొటిమలు లేచాయి. ఒకరోజు కోడలు నీలావతిని ఎగాదిగా చూసి, "ఎవరింటిదానివమ్మా, మా ఇంట్లో ఏం చేస్తాండావు?" అని అడిగింది.

చుట్టుపక్కలవాళ్ళు దయ్యమన్నారు. చదువుకున్న బంధువులు పిచ్చి అన్నారు, బెంగుళూరులో పిచ్చాసుపత్రి ఉంది అన్నారు. ఈశ్వరప్ప మగ్గం ఆపేసి, తల్లిని రైలెక్కించడానికి సిద్ధమయ్యాడు. అక్కడికి పోయిన ముసలమ్మ తిరిగి ఇంటికి రాదని ఆయనకు తెలుసు, అందుకే ప్రయాణం ఒకపూట నుంచి ఇంకోపూటకు జరుపుతున్నాడు. అప్పుడు నీలావతి, ఎటూ పంపిస్తాండాం, ఆ పారబోసే ఆయనకు ఒక్కసారి చూపిద్దాం అంది.

గంగులమ్మను బండిలోను, మందులను పట్టునూలు కండెలు వేసే గంపలోను పెట్టుకుని పోయారు. కుళ్ళాయప్ప రోగిని కాసేపు, గంపను చాలాసేపు చూశాడు. మందు సీసాల పక్కన వేళకు ఎంతెంత తాగాలో గుర్తుగా కాగితం గాట్లు అంటించి ఉంటాయి. ఒక సీసాలో మందు ఆ కాగితాన్ని దాటి మెడ దాకా ఉంది.

"ఈ సీసా ఎప్పుడూ ఖాళీ కాదా అమ్మా?" అన్నాడు నీలావతితో.

"యాడ కానిస్తాం సార్? కొత్తది వస్తానే పాతదాంట్లో మిగిలింది దీంట్లో పోస్తాం. హిందూపురం సీసాలు రెండూ అట్లే కలిపినాం. రెండూ ఒకే రుచి."

"ఎందుకు కలిపినారు?"

నీలావతికి అంత తేలిక ప్రశ్న ఎందుకడిగాడో తోచలేదు. "పడుగునే తెంపం, మందును తెంపుతామా సార్?" అంది.

డాక్టరు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, తల ఊపి, ఉప్పు సంగతి అడిగాడు. చిటికెడు కూడా వెయ్యడం లేదని ఈశ్వరప్ప గర్వంగా చెప్పాడు. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"దయ్యమూ లేదు, పిచ్చీ లేదబ్బా. హిందూపురం సీసాలు రెండిట్లోనూ ఉండేది బ్రోమైడు అనే నిద్రమందే. ఒంట్లో ఉప్పు తగ్గితే ఆ చోట్లో అది వచ్చి కూర్చుంటాది. పడుచు ఒంట్లోంచి మందు రైలెక్కి పోతాది. ముసలి ఒంట్లోంచి ఎద్దులబండి మీద పోవాల. ఆ బండి కదలకముందే నువ్వు ఇంకో మూట ఎక్కిస్తాండావు."

"ముగ్గురూ పెద్ద డాక్టర్లే గదా సార్?"

"పెద్దోళ్ళే. ఎవరి మందు వాళ్ళు సరిగానే ఇచ్చినారు. పక్కోడు ఏమిచ్చినాడో ఎవురికి తెలుసు? గంప ఎవురికన్నా చూపించినావా?"

గంప మందార దగ్గరికి పోయింది. అన్నీ పోసి, గుండె చుక్కల సీసా మాత్రం వెనక్కి తెచ్చాడు. ఈయన ఒక మందు వెనక్కి తేవడం ఆ ఊరు ఎరగదు. అదెందుకు ఉంచినారని ఈశ్వరప్ప అడగనే అడిగాడు.

"ఇది ఆమెకు కావాల. దీన్ని పోస్తే నన్ను కూడా ఆ చెట్టు కిందే పోయాల," అని, చుక్కలు సగానికి తగ్గించాడు. ఉప్పేసిన మజ్జిగ ఆమె అడిగినా అడగకున్నా తాపించమన్నాడు. కాళ్ళ వాపు తానే వచ్చి చూస్తానన్నాడు. రైలు ఎటూ పోదు, కొన్నాళ్ళాగు అన్నాడు.

మొదట్లో ఏమీ మారలేదు. ఈశ్వరప్ప రైలు కూత వినబడినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చేవాడు. తర్వాత చీమలు గోడ దిగి నేల మీదికి వచ్చాయి, ఆపైన ఎటుపోయాయో పోయాయి. ఒక పొద్దున గంగులమ్మ గ్లాసు నేలకు కొట్టి, "ఏమే నీలావతీ, ఇది మజ్జిగా, సముద్రమా?" అంది. అత్త పేరు పెట్టి తిడితే అంత హాయిగా ఉంటుందని నీలావతికి అప్పుడే తెలిసింది. కొన్నాళ్ళకు ముసలామె బూడిద అడిగి తెప్పించుకుని పడుగు ముందు కూర్చుంది. బెంగుళూరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అంతా బాగున్నాక ఒక సాయంత్రం ఈశ్వరప్పకు మగ్గం వెనక ఎర్రటి మందు సీసా దొరికింది. దాన్ని పట్టుకుని తల్లి దగ్గరికి పోయాడు. ఇది యాడిదమ్మా అని నిలదీశాడు.

"అరవద్దు. పట్టుకు రంగేసిన నీళ్ళే. నేనేం తాగలా," అంది గంగులమ్మ తాపీగా.

"మరి దాచేదెందుకు?"

"మందులుండేటప్పుడు పూటపూటకూ ఎవరో ఒకరు నా పక్కన కూర్చుంటాంటిరి. బాగయినాక ఎవురొస్తాండారు? సీసా దాస్తే ఆ డాక్టరబ్బన్నా వస్తాడు."

అంతలోనే గొడుగు గుమ్మంలోకి వచ్చింది. గంగులమ్మ కొడుకు చేతిలోంచి సీసా లాక్కుని మగ్గం వెనక పెట్టింది. దాని మెడ బయటికే కనబడుతోంది. కుళ్ళాయప్ప లోపలికి వస్తూనే దాన్ని చూశాడు. చూసి, అటు వీపు తిప్పి, అటక మీద వెతకడం మొదలుపెట్టాడు. బియ్యం కుండ, గూడు, దిండు, మళ్ళీ అటక. వెతుకుతూనే నిద్ర ఎట్లుండాది అని అడిగాడు, కాళ్ళు చూశాడు, ఆమె పెళ్ళినాటి చీర ఎవరు నేశారో కనుక్కున్నాడు. చీకటి పడబోతుండగా సీసా దొరికించుకుని, ఎంతో ఆశ్చర్యపోయి, ఆమెను కడుపునిండా తిట్టాడు. "యాడ పెట్టినా కనుక్కుంటాడే," అని ఆమె కోడలితో గొప్పగా చెప్పుకుంది.

ఈశ్వరప్ప వీధిలోకి వెంటపోయి, అది రంగునీళ్ళని మీకు తెలుసు గదా సార్ అన్నాడు.

"ఈ వీధిలో నేను పట్టేవన్నీ అవే. పక్కింటి అవ్వది బెల్లంనీళ్ళు. మందు మాన్పించడం తేలికబ్బా. ఆ మందుతో వచ్చే మనిషిని కూడా మాన్పిస్తే ఎట్లా?" అని డాక్టరు గొడుగు ఊపుకుంటూ పోయాడు.

ఆ ఏడు ఆయన పెరట్లో మందార వేళకు పూసింది. డాక్టరు వచ్చిపోయిన మరుసటి రోజు సాయంత్రం ఈశ్వరప్ప మగ్గం గుంతలోంచి లేచి, తల్లి మళ్ళీ దాచిన సీసా మెడ కళ్ళెదురుగానే కనబడుతున్నా, ముందు అటక ఎక్కాడు.