ఎల్క్ అడుగుల వెంట పెదనాన్న

పోయిన నెల ఒక మంగళవారం సన్నీవేల్‌లో ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా, ప్లేనో నుంచి అన్నయ్య ఫోన్ చేసి, వాళ్ల నాన్న, అంటే మా పెదనాన్న, పొద్దున పోయారని చెప్పాడు. హార్ట్ అటాక్ అన్నాడు. బయటికొచ్చి పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు. ఇదే మాట ఇంకెవరి గురించైనా పెదనాన్నకి చెప్పి ఉంటే ఏ రక్తనాళం, ఎంత మూసుకుపోయింది, ఎవరు చూసి తేల్చారు అని అడగకుండా ఫోన్ పెట్టనిచ్చేవారు కాదు కదా అని తోచింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆయన పాథాలజిస్ట్. అంటే రోగి ముఖం చూడకుండా, రక్తాన్నీ కండనీ మైక్రోస్కోప్ కింద చూసి రోగమేమిటో చెప్పే డాక్టర్. రిటైరయ్యాక తోటి అంకుల్స్ గోల్ఫ్‌కి వెళ్తే ఈయన ఎల్క్ వేటకి వెళ్లారు. ఎల్క్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. ఈ వయసులో వేటేమిటని అడిగిన వాళ్లందరికీ ఒకటే మాట చెప్పేవారు: "ఇన్నేళ్లూ మాంసం తిన్నాను. అది నడుస్తున్నప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారీ చూళ్లేదు."

అలా ప్రతి అక్టోబర్‌లో కుటుంబమంతా కార్లో కొలరాడో కొండలకి బయల్దేరేది. నేను ఎమ్మెస్‌కి వచ్చాక నన్నూ చేర్చుకున్నారు. వీసా మీద ఉన్నదాన్ని, తుపాకీ పట్టుకోకూడదేమోనని తప్పించుకోబోయాను. హంటింగ్ లైసెన్స్ ఉంటే పట్టుకోవచ్చన్న రూల్ ప్రింట్ తీసి, అండర్‌లైన్ చేసి చేతికిచ్చారు.

మా దండయాత్రలో ఎవరి శాఖ వారిది. అన్నయ్యది రవాణా. నాది ఫిర్యాదులు. పెద్దమ్మది వంట, దైవకార్యం. దసరా ఆయుధపూజ అందరికీ ఒకరోజు పండగైతే ఆవిడకి సీజన్ మొత్తం పండగే. రోజూ పొద్దున మేం క్యాంప్ నుంచి కదిలే ముందు తుపాకులకి తడి కుంకుమతో బొట్టు పెట్టేది. బొట్టు అని మర్యాదకి అంటున్నాను, పూత అనాలి. కాస్త తగ్గించవే, ఎల్క్‌కి కనిపిస్తుంది అని పెదనాన్న అంటే, దానికి ఎరుపు తెలీదని మీరే కదా చెప్పారు అని ఇంకాస్త అద్దేది.

ఎల్క్ దొరికిన ఏడాది అక్కడికక్కడే క్లాస్ మొదలయ్యేది. గుండె చేతిలో పెట్టుకుని కవాటాలు చూపించేవారు. పొట్ట కోసి, చివరిసారి ఏం గడ్డి తిన్నదో విడదీసి చూసేవారు. "రిపోర్ట్ ఎప్పటికొస్తుందండీ, మసాలా నూరేశాను" అనేది పెద్దమ్మ.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఆయన "సరే" అనేదాకా ఎవరూ కాల్చకూడదు.

మూడేళ్ల కిందట మొదటిసారి నా వంతు వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది, గడ్డిలో అక్కడక్కడా మంచు పలచగా పరుచుకుని ఉంది. ఒక బండ వెనక కూర్చున్నాం. పెదనాన్న బైనాక్యులర్స్‌తో ఎడమవైపు వాలు వెతుకుతున్నారు. ఎల్క్ మాత్రం కుడివైపు, నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన భుజం తట్టాలి. నేను తట్టలేదు, కాల్చాను. కళ్లు తెరిచేసరికి ఎల్క్ లేదు. కళ్లు ఎప్పుడు మూసుకున్నావని పాఠకులు అడగొచ్చు. ఆ సంగతి నేను అప్పుడు ఎవరికీ చెప్పదలచుకోలేదు.

ఎక్కడ నిలబడి ఉందని ఆయన అడిగారు. మహా ధీమాగా ఒక పొద చూపించి, ముందు నడిచాను. నా వెనకే వస్తున్న ఆయన ఆ పొద దగ్గర మంచు మీద ఎర్రటి చుక్క చూశారు. రెండడుగుల అవతల ఇంకొకటి. గాయపడ్డ జంతువుని వదిలిపెట్టి పోకూడదు, కనుక్కునేదాకా వెతకాలి. వెతికాం. విచిత్రం, మేం ఎటు వెళ్తే అటే రక్తం కనిపించింది. అరగంట తర్వాత ఆ చుక్కలు మమ్మల్ని తిప్పి తిప్పి మొదటి పొద దగ్గరికే తెచ్చాయి. పెదనాన్న గ్లవ్ తీసి ఒక చుక్కని వేళ్ల మధ్య నలిపారు. వాసన చూశారు. తర్వాత తలెత్తి, నా భుజం మీద తుంపరకి తడిసి కారుతున్న తుపాకీ వైపు చూశారు.

"ఇది రక్తం కాదమ్మడూ. ఇది మీ పెద్దమ్మ."

నేను పడీపడీ నవ్వాను. జీవితమంతా రక్తం చూసిన మనిషి కుంకుమ వెంట అరగంట నడిచారు మరి. ఆయన నవ్వలేదు.

"అంటే దానికి తగిలిందో లేదో ఇంకా తెలీదన్నమాట. తగల్లేదని తేలేదాకా తగిలిందనే అనుకోవాలి" అన్నారు.

అని, డెబ్బై రెండేళ్ల మనిషి ఆ పొద కింద మోకాళ్ల మీద కూర్చుని ఆకు ఆకూ తిప్పి చూడ్డం మొదలుపెట్టారు. ఆ మోకాళ్లకి మెట్లెక్కడమే కష్టం. ప్యాంటు తడిసిపోయింది. నా నవ్వు ఎప్పుడాగిందో తెలీదు. ఎక్కడో ఒక ప్రాణి పొట్టలో తూటాతో పడి ఉండొచ్చు, ఈయన నా అబద్ధం కింద దాన్ని వెతుకుతున్నారు. గంట ఓర్చుకున్నాను.

"పెదనాన్నా, అది ఇక్కడ లేదేమో. నేను కళ్లు మూసుకుని కాల్చాను."

ఆయన పొద పట్టుకుని మెల్లగా లేచారు. తిట్లకి సిద్ధమయ్యాను.

"మూసుకునే ముందు ఏం కనిపించింది?"

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అలా అడిగితే అబద్ధం చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రెండు తెల్లటి ఆస్పెన్ చెట్లు, వాటి మధ్య మెడ అని చెప్పాను. "రోగి డాక్టర్‌కి చెప్పాల్సిన హిస్టరీ అంటే ఇదీ" అన్నారు, నేను ఏదో బహుమతి ఇచ్చినట్టు. ఇప్పుడు ఆఫీస్‌లో కొత్తగా చేరినవాళ్లు ఏదైనా పాడుచేసి నా దగ్గరికొస్తే, నేనూ ముందు ఆ ప్రశ్నే అడుగుతాను. ఆయనంత బాగా అడగలేను.

మళ్లీ బండ దగ్గరికెళ్లి మొదటినుంచీ చూశాం. ఆ రెండు చెట్లు పొదకి చాలా దూరంలో ఉన్నాయి. ఒకదాని బెరడులో, నా తలకన్నా ఎత్తున, తూటా దిగిన కొత్త గాయం. కింద మంచులో గిట్టల గుర్తులు. తప్పిందని నేను ఊపిరి పీల్చుకోబోతే ఆయన ఒప్పుకోలేదు. చెట్టుకి తగిలిందని తెలిసింది గానీ, దాన్ని గీరుకుంటూ వెళ్లలేదని ఎవరు చెప్పారన్నారు. తుపాకీ ఖాళీ చేసి ఇక్కడే కూర్చో, నువ్వొస్తే మళ్లీ రక్తం కనిపిస్తుంది అన్నారు.

ఒక్కరే బయల్దేరారు. గుర్తుల మీద కాలు పడకుండా వాటి పక్కనుంచి నడుస్తూ, ప్రతి గుర్తు దగ్గరా వంగి, చూసి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, తర్వాతి దాని దగ్గరికి. కొండ అంచుకి చేరేసరికి చాలాసేపు పట్టింది. అక్కడినుంచి నా వైపు తిరిగి, గ్లవ్ తీసేసిన చేతిని ఎత్తి చూపించారు. ఏ మరకా లేదని.

ఇక వెనక్కి రావచ్చు. నేను లేచి, రమ్మని చెయ్యి ఊపాను. ఆయన చూశారో లేదో. మళ్లీ గుర్తుల వైపు తిరిగి, అది ఎటు వెళ్లిందో చూడ్డానికి కొండ అవతలికి దిగారు. మొదట కాళ్లు కనుమరుగయ్యాయి, తర్వాత భుజాలు, చివరికి నారింజరంగు టోపీ.