స్టేషన్ గోడ మీది రెక్కల పురుగులు

మంగళవారం పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పటి మా పక్కింటి సైన్సు సారు బిడ్డ. "పెద్దమ్మా, బాపు పోయిండు" అని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకొని, "సీసల ఆయన పురుగున్నది. దానికేం పెట్టాలె?" అని అడిగింది. డెబ్బై అయిదు దాటిన మనిషి పోతే వేరే ఇళ్లలో ఇంకేదో అడుగుతారు. ఆ ఇంట్లో మాత్రం ఎప్పుడైనా మొదటి ప్రశ్న అదే.

"ఎగిరేదేదన్న పెట్టు బిడ్డా. పాకేది ముట్టదు" అన్నాను. ఆ జవాబు నాకెలా తెలుసో చెప్పాలంటే, ఇన్నాళ్లు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పుకోవాలి.

కోరుట్లలో మా రెండిళ్లకు ఒకటే గోడ, ఒకటే వాకిలి. నేను ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఆయన హైస్కూల్లో సైన్సు. ఆయన సొంతూరు సిరిసిల్ల, భార్యది కూడా ఆ ఊరే. అక్కడికి పోయినవాళ్లు చీరలు తెచ్చుకుంటారు. ఈయన మాత్రం మగ్గాల దగ్గర మిగిలిన పల్చటి గుడ్డముక్కలు తెచ్చేవారు, పెద్ద పెద్ద ఊరగాయ సీసాల మూతులకు కట్టడానికి. ఆ సీసాల్లో ఉండేవి గొల్లభామలు. ముందు కాళ్లు మడిచి దండం పెడుతున్నట్టే కూర్చుంటాయి, దండం పెడుతూనే ఎదుటిదాని తల కొరికేస్తాయి. "ఇసొంటోళ్లు మా స్టాఫ్ రూముల శానమంది ఉన్నరు సారూ" అంటే ఆయన నవ్వేవారు కాదు. పురుగుల మీద హాస్యం ఆయనకు పడదు.

వాటిలో ఒకటి కొండగట్టు కింద ముళ్లపొదల్లో దొరికింది. అచ్చం ఎండుటాకు. మిగతావి ఏం పడేసినా తినేవి. ఇది మాత్రం గాలిలో ఎగిరేదాన్నే పట్టేది. పైగా కడుపుతో ఉంది. "గుడ్లు పెట్టాలంటే పెద్ద రెక్కల పురుగులు కావాలె టీచరమ్మా. ఈగలు దీనికి ఏ మూలకు?" అంటూ సారు వాకిట్లో అటూ ఇటూ తిరిగేవారు.

అన్నలు, అంటే నక్సలైట్లు, చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతున్న రోజులవి. చీకటి పడకముందే తలుపులు పడేవి, వీధి దీపాలను ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఊరంతటికీ మంచి వెలుతురున్న చోటు ఒక్కటే, ఇసుక బస్తాల వెనక నాలుగు పక్కలా పెద్ద లైట్లు పెట్టుకున్న పోలీస్ స్టేషను. ఓ సాయంత్రం అంట్లు తోముతూ, ఈ పురుగుల గోల వినలేక అన్నాను: "స్టేషన్ గోడ కాడికి పోరాదుండ్రి సారూ! అన్ని లైట్లు పెట్టింది మీ పురుగుల కోసమే."

నా నోటికి అదుపు లేదని మా అత్తగారు అనేది. ఆమె నా గురించి చెప్పిన వాటిలో నిజమైంది అదొక్కటే.

సారు మర్నాడు తెలతెలవారుతుండగా నిజంగానే పోయారు. సెంట్రీని అడిగి, గోడకు అంటుకొని ఉన్న బొటనవేలంత పురుగులను ఏరుకొని, మొహం వెలిగిపోతూ వచ్చారు. "ఎంత మంచి మాట చెప్పిండ్రు టీచరమ్మా!" అన్నారు. వారం తిరిగేసరికి సెంట్రీలే పట్టి ఉంచుతున్నారు.

ఆ తర్వాత ఒకరోజు పాలామె పాలు పోస్తూ గొంతు తగ్గించింది. "అమ్మా, పక్కింటి సారు రోజు పొద్దుగాల స్టేషనుకు పోయి ఏం చెప్పొస్తుండట?"

గిన్నెలోంచి పాలు ఒలికాయి. ఆ రోజుల్లో పోలీసు ఇన్‌ఫార్మరన్న పేరు ఒక మనిషి మీద పడిందంటే ఆ మనిషికి ఎక్కువ రోజులు లేవన్నమాట. అప్పుడు గమనించాను, ఆయన దగ్గరికి ట్యూషన్ పిల్లలు రావడం మానేశారు. పరుగున పోయి చెప్పాను.

"ఇంకో రెండు రోజులు టీచరమ్మా. కడుపుతోటున్నది గద" అన్నారు.

"సిరిసిల్లల తల్లిగారింట్ల ఇంకొకామె సుత కడుపుతోటున్నది. యాదికున్నదా?"

ఆ రెండు రోజులు గడవనే లేదు. పొద్దుగూకే వేళ, కరెంటు పోయి ఉంది. సారింటికి ఇద్దరు మనుషులు వచ్చారు. పిల్లల చదువు గురించి మాట్లాడే తండ్రుల్లా కూర్చున్నారు గానీ చెప్పులు విప్పలేదు. అంత ఉక్కపోతలో భుజాల మీద దుప్పట్లు. నేను కందిలి పట్టుకొని గుమ్మంలోనే ఆగిపోయాను.

"రోజు స్టేషన్ల నీకేం పని సారూ?" అన్నాడు పెద్దవాడు.

"పురుగుల కోసం."

"మంచిగ చెప్పు."

"మంచిగనే చెప్తున్న" అంటూ సారు సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు.

చిన్నవాడు వంగి చూశాడు. "అన్నా, గిది ఎండుటాకు! ఆకు చూపెట్టి మనల ఎడ్డోళ్లను చేస్తుండు." పెద్దవాడి చెయ్యి దుప్పటి కింద కదిలింది.

"పురుగే. తినేటప్పుడు చూడుండ్రి" అని సారు, ఆ పొద్దున తెచ్చిన వాటిలో మిగిలిన ఒకే ఒక్క రెక్కల పురుగును లోపలికి వదిలారు. అది పైన కట్టిన గుడ్డను పట్టుకొని కదలకుండా కూర్చుంది. అది ఎగరకపోతే ఇది తినదు. ఇది తినకపోతే సారు మాట ఎవరూ నమ్మరు. నలుగురం ఆ సీసానే చూస్తున్నాం.

"ఆగుండ్రి" అన్నారు సారు, తరగతిలో అన్నట్టే. "చూసుడు నేర్వాలె. తొందరపడుడు అందరికి అస్తది."

చిన్నవాడు విసురుగా లేచాడు. నా కాళ్లు నన్ను అడగకుండానే నడిచాయి. కందిలి తెచ్చి సీసా పక్కన పెట్టి వత్తి పెంచాను. గుడ్డ మీద రెక్కలు వణికాయి. పురుగు దీపం వైపు ఒక్క ఎగురు ఎగిరింది. ఎండుటాకు చెయ్యి చాచింది.

"ఓర్నీ!" అని చిన్నవాడు వెనక్కి జరిగాడు. పెద్దవాడు మాత్రం నన్ను ఎగాదిగా చూసి సారును అడిగాడు: "అక్కడికి పొమ్మని నీకెవరు చెప్పిండ్రు?"

సారు నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవరు చెప్పాలె? దీపం కాడికి పురుగులు అస్తయని పిలగాండ్లకు నేను చెప్పే పాఠమే."

"రేపటి సంది పోకు" అని లేచి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి దాని తిండి నేను తెచ్చాను. ఎవరూ అడగలేదు. బెల్లం దుకాణాల ముందు కందిరీగలు, పసుపు చేల గట్ల మీద తూనీగలు, గొడుగులో పట్టి టిఫిను డబ్బాలో వేసుకొచ్చేదాన్ని. ఓసారి మా హెడ్‌మిస్ట్రెస్ పచ్చడి కోసమని ఆ డబ్బా తెరిచింది. మళ్లీ నన్ను పచ్చడి అడగలేదు. నాలుగు రోజులకు అది గుడ్లు పెట్టింది. నెలకు సిరిసిల్లలో సారుకు బిడ్డ పుట్టింది. ఆ రెండింటిలో ఏ వార్త నాకు ఎక్కువ సంతోషంగా చెప్పారో ఆ బిడ్డకు ఈనాటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం సంగతి చాలా ఏళ్లకు ఒక్కసారే ఎత్తాను. "ఆ మాట అన్నది నేను గద సారూ" అన్నాను. ఆయన సీసా తుడుస్తూనే, "కందిలి తెచ్చింది సుత మీరే గద టీచరమ్మా" అన్నారు. అంతే.

జగిత్యాల చేరేసరికి ఆయన్ను తీసుకుపోయారు. కిటికీలో సీసా ఉంది, మూతికి పాతబడి పసుపెక్కిన సిరిసిల్ల గుడ్డ. లోపల ఎండుటాకు లాంటిది ఒకటి, అప్పటి గుడ్ల వంశమే. పైన గుడ్డ మీద, వరండా లైటు దగ్గర పట్టి వేసిన రెక్కల పురుగు ఒకటి. రెండూ కదలడం లేదు.

"తింటలేదు పెద్దమ్మా" అంది బిడ్డ.

"ఆగు బిడ్డా."

ఫోన్లో లైటు వేసి సీసా దగ్గరికి తీసుకుపోయాను. గుడ్డ మీద రెక్కలు వణికాయి.