మామయ్య కొసరు పొర

మా పల్నాడులో దేన్నయినా కొలిచి ఇచ్చాక ఆపైన కాస్త కొసరు వేయకపోతే ఇచ్చినవాడికే నిద్ర పట్టదు. మా మేనమామ ఆ జబ్బును ఫైబర్ గ్లాసు పనిలోకి కూడా తెచ్చాడు.

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. గాజుదారాల బట్టను పొర మీద పొర పరిచి, ప్రతి పొరకూ రెజిన్ అనే జిగురు పట్టించి, కుర్చీలు, నీళ్లతొట్లు చేసేవాడు. మూడు పొరలు చాలిన చోట ఐదు వేసేవాడు. ఆయన కుర్చీ జరపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పిడుగురాళ్ల సున్నపుబట్టీ దగ్గర ఒక లారీ వెనక్కి వస్తూ ఆయన తొట్టిని గుద్దితే సొట్ట లారీకి పడిందట. ఆ కథ మా ఇంట్లో వినని చుట్టం లేడు.

అప్పట్లో నేను మద్రాసులో ఎం.టెక్. చదువుతున్నది సరిగ్గా దీనికి విరుగుడు. పొరలు తగ్గించడమే నా పని. ఏ పొరలో దారాలు ఏ దిక్కుకు పరిస్తే తక్కువ బరువున్న పలక ఎక్కువ భారం మోస్తుందో కంప్యూటరుతో లెక్కలు వేయించి, పన్నెండు పొరల పలకను ఎనిమిదికి దించాను. పై నాలుగు పొరలూ కింది నాలుగింటికీ అద్దంలో బొమ్మలా ఉండాలి. లేకపోతే జిగురు గట్టిపడేటప్పుడు ఒక వైపుకు లాగి పలక వంకర పోతుంది. వేసవికి కాలేజీ వర్క్‌షాపు మూసేయడంతో, ఆ పలక చేసుకోవడానికి మామయ్య షెడ్డుకు వచ్చాను.

పలకను పరీక్షించే మెషీను మద్రాసులో మాకు దొరికింది ఒక్క సోమవారం. అది తప్పితే చదువు మరో ఏడాదికి వాయిదా పడుతుంది. "ఈ ఏడాదితో సరి, ఆపైన చదివించను" అని నాన్న ముందే తేల్చేశాడు. నాకేమో ఆ డిగ్రీ మీదే ప్రాణమంతా.

శుక్రవారం ఎనిమిదో పొర పరిచి, జిగురు పూసి, చేతులు కడుక్కుంటున్నాను.

"ఏందే, ఎనిమిదేనా?" అన్నాడు మామయ్య.

"ఎనిమిదే మామయ్యా. లెక్క అంతే వచ్చింది."

"చానా పల్చగా ఉందే! నా షెడ్డులోంచి పోయే సరుకు ఇట్టా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

నవ్వి అన్నానికి వెళ్లాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మర్నాడు పొద్దున అచ్చులోంచి పలకను లేపితే, నిప్పుల మీద అప్పడంలా అంచులు లేపి ముడుచుకుంది. వెలుతురులోకి తెచ్చి చూశాను. కుర్చీలకు వాడే మందపాటి బట్ట ఒక పొర పైన అంటుకుని ఉంది.

"మామయ్యా, ఏం చేశావు?"

"ఏం చెయ్యలా. కొసరుకి ఒక్క పొర ఏశా. ఆడపిల్లవి, అంత దూరం పోతన్నావు, బొటాబొటిగా ఇచ్చి పంపుతామా?"

నాకు వచ్చిన కోపానికి షెడ్డు రేకులు ఎగిరిపోవాలి. సోమవారం ఏమిటో, నాన్న ఏమన్నాడో అరిచి చెప్పాను. చెబుతుండగానే కోపం కాస్తా ఏడుపైంది. మామయ్య ముఖం నల్లబడింది. నాన్న మాట ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"ఏడవమాకే తల్లీ. మళ్లీ చేద్దాం. నువ్వు ఎట్టా అంటే అట్టా."

మిగిలిన బట్ట ఇంకొక్క పలకకు సరిపోయింది. నేను కోశాను, ఆయన జిగురు కలిపాడు. ఎనిమిదో పొర అయ్యాక ఆయన చెయ్యి అలవాటుగా పక్కనున్న బట్ట ముక్క మీదికి పోయింది. నేను చూశాను. చటుక్కున లాక్కుని, అత్తయ్యను కేకేశాడు.

"ఏమే, షెడ్డుకి తాళమేసి చెవి నీ దగ్గరుంచుకో. నేనడిగినా ఇయ్యమాక."

సాయంత్రం రెండుసార్లు అడిగాడట. అత్తయ్య ఇవ్వలేదు.

ఆదివారం పలక చదునుగా వచ్చింది. పాత చీరలో చుట్టుకుని రైలెక్కాను. సోమవారం మెషీను మీద బరువు పెంచుతూ పోయారు. లెక్క చెప్పిన బరువుకు కాస్త అటూ ఇటూగా పలక ఫట్టుమంది. ఎప్పుడూ నవ్వని మా ప్రొఫెసరుగారు నవ్వారు. డిగ్రీ వచ్చినట్టేనన్నారు.

ఊరికి రాగానే పరుగున షెడ్డుకు వెళ్లాను.

"ఆగిందా?" అన్నాడు మామయ్య.

"విరిగింది మామయ్యా! లెక్క ఎక్కడ చెప్పిందో అక్కడే విరిగింది!"

"ఇరిగిందా?" అని అక్కడే కూలబడ్డాడు. విరిగేదాకా బరువు వేయడమే ఆ పరీక్ష అని, నేను గెలిచానని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. చివరికి, "నువ్వు పాసేగా? అయితే సరేలే" అని లేచాడు.

ఆ సాయంత్రం బజారంతా మిఠాయి పంచాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మా పిల్ల పెద్ద ఇంజినీరైందని చెప్పాడు. పలక ఏదని అత్తయ్య అడిగితే మాత్రం నా వైపు చూడకుండా, "చానా బాగుందని మద్రాసోళ్లే ఉంచుకున్నారు" అన్నాడు.