ఐదో నంబరు కారణం

గని అన్న మాటతో నాకు పెళ్లయ్యేదాకా పనే పడలేదు. మా దివిసీమలో రాయి ఉండదు. ఇల్లు కట్టుకోవాలన్నా, రోడ్డు వేయాలన్నా కంకర బెజవాడ వైపు నుంచి లారీలో రావాల్సిందే. గొయ్యి తవ్వితే నడుం లోతు దిగకముందే నీళ్లు ఊరతాయి, అవీ ఉప్పగా. అలాంటి చోట పుట్టి పెరిగినదానికి, మనుషులు భూమి లోపలికి దిగి రోజంతా పని చేసి మళ్లీ పైకొస్తారంటే ఏం తెలుస్తుంది? బడిలో ఎక్కడో బట్టీ పట్టాను, పరీక్ష రాశాను, మర్చిపోయాను.

మా ఆయన పంపుల మెకానిక్కు. రొయ్యల చెరువులు జోరుగా ఉన్న రోజుల్లో ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. హంసలదీవి వైపు ఏ చెరువు గట్టున ఇంజను మొరాయించినా ఆయనకే కబురు. తర్వాత రొయ్యలకి తెగులు పట్టుకుంది. చెరువులు ఎండబెట్టేశారు. నీళ్లే అక్కర్లేనప్పుడు పంపులెందుకు, పంపుల మెకానిక్కెందుకు? ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, పాడవని ఫ్యాను కూడా విప్పి బిగించేవాడు. అప్పుడు గుడివాడలో ఎవరో ఏజెంటు ఆఫ్రికాలో రాగి గనికి మనుషుల్ని పంపిస్తున్నాడని తెలిసింది. గనిలో ఊరే నీళ్లు తోడే పంపుల దగ్గర పని.

"నీళ్లు తోడటమేగదే! ఇక్కడ చేసిందే అక్కడానూ. చెరువు కాస్త లోతెక్కువ అనుకో, అంతే" అన్నాడు.

నేను నవ్వాను కూడా. అప్పటికి మా పెళ్లయి మూడేళ్లు. పిల్లలు లేరు. అవనిగడ్డలో అద్దిల్లు. ఇంట్లో ఆయనా, నేనూ, మా అత్తయ్య. అత్తయ్య బజార్లో ఎండుచేపలు అమ్మేది. ఆయన ఒక్కడే కొడుకు. మామగారు సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదట, ఆయన చిన్నప్పుడే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

మొదటి ఏడాది నెలకో ఉత్తరం వచ్చేది. ఇనప డబ్బాలాంటి దాంట్లో నిలబెట్టి కిందికి దించుతారనీ, అంత లోతులో ఉక్కపోసి చొక్కా తడిసిపోతుందనీ, పైకొచ్చి ఎండ చూడగానే తుమ్ములొస్తాయనీ రాశాడు. పైన ఒక మిల్లు ఉందట. రాయిని పిండి చేసి, ఆ పిండిని నీళ్లలో కలిపి నురగ తెప్పిస్తే రాగి నురగతోపాటు తేలుతుందట. అత్తయ్యకి చదివి వినిపిస్తే, "వీడి మొహం, ఆ దేశంలో బట్టలుతికే పన్లో పెట్టుంటారు, మనకి గనంటున్నాడు" అని పడీ పడీ నవ్వింది. ఆ కవర్ల మీద గని పేరు చూసి చూసి, స్పెల్లింగు నాకు నోటికొచ్చేసింది.

ఇంట్లో ఫోను లేదు. బస్టాండు పక్కన ఎస్టీడీ బూతాయన మా అత్తయ్యని వదినగారూ అనేవాడు, నేను ఆయన్ని బాబాయిగారూ అనేదాన్ని. మాకేదైనా ఫోనొస్తే అత్తయ్య అమ్ముకునే చోటికి తనే నడిచొచ్చి చెప్పేవాడు. మంచి మనిషి. ఎవరి ఫోనుకీ విసుక్కోడు. రెండో ఏడాదిలో ఒకరోజు మధ్యాహ్నం అలాగే వచ్చాడు. నేను అత్తయ్యకి అన్నం పట్టుకెళ్లి అక్కడే ఉన్నాను.

"వదినగారూ, ఆఫ్రికా నుంచి ఫోనండీ. మీవాడు కాదు, పక్కనుండే ఆయనెవరో చేశాడు. గని నిండుకుందంట. మీవాడు బాగానే ఉన్నాడంట. ఏదో పన్లో ఉండి ఫోను కాడికి రాలేకపోయాడంట. లైను మధ్యలో తెగిపోయింది."

మా ఇళ్లలో బియ్యం అయిపోయాయని అనరు. నిండుకున్నాయంటారు. ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని నిండిందనడం మనకే చెల్లింది. అయిపోయిందనే మాట ఇంట్లో పలకకూడదని మా అమ్మా చెప్పింది, అత్తయ్యా చెప్పింది. కాబట్టి గని నిండుకుందంటే, దాంట్లో రాగి అయిపోయిందని. రాగి అయిపోతే పని లేదు. పని లేకపోతే మనిషి ఇంటికొస్తాడు. అత్తయ్య ఆ సాయంత్రమే పక్కింటావిడతో "మావాడు వచ్చేస్తున్నాడమ్మోయ్" అని చెప్పేసింది. నాకైతే ఒళ్లంతా తేలికైపోయింది. జడకి పూలు కొనుక్కున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ పూలే గుర్తొస్తాయి.

రాలేదు. ఉత్తరమూ లేదు. మేం రాసినవాటికి జవాబు లేదు. పామర్రులో బస్సు మారి గుడివాడ వెళ్లి ఏజెంటుని అడిగాను. "ఒక గని అయిపోతే ఇంకో గనికి మారుస్తారండీ. కొత్త అడ్రసు రావడానికి టైం పడద్ది. మీరేం కంగారు పడకండి" అన్నాడు. రెండోసారి వెళ్తే అదే మాట. మూడోసారి వెళ్లేసరికి ఆ గదిలో ఎవరో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతున్నారు. నేర్చుకుంటారా అని నన్నూ అడిగారు.

ఊరికే కూర్చోలేక బందర్లో కంప్యూటరు నేర్చుకుని, అక్కడే ఒక డేటా ఎంట్రీ సెంటర్లో చేరాను. మేడ మీద రెండు గదులు, ఇరవై కంప్యూటర్లు. పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి. మొదట ఆసుపత్రి కాగితాలు, తర్వాత లైబ్రరీ కార్డులు కొట్టాం. తర్వాత ఒకరోజు సూపర్‌వైజరుగారు కట్టలు కట్టలు జిరాక్సు కాగితాలు తెచ్చి పెట్టారు. ఆఫ్రికా ఖండం మొత్తంలో ఉన్న గనులూ, మిల్లులూ, ఖనిజాన్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీలూ అన్నీ ఒక్క పట్టీగా తయారు చేయాలట. ఎవరో విదేశాల వాళ్లకి కావాలట. ఒక్కో లైనుకీ పేరు, దేశం, ఊరు, ఖనిజం, లోతు, గనా మిల్లా, నడుస్తోందా మూతపడిందా, మూతపడితే కారణం. కారణానికి నంబర్లిచ్చారు. ఒకటి ధర పడిపోవడం, రెండు సమ్మెలూ గొడవలూ, మూడు ఖనిజం అయిపోవడం, నాలుగు తాత్కాలికం, ఐదు నీళ్లు.

మిగతావాళ్లు తలలు పట్టుకున్నారు. పేర్లు నోరు తిరగవు, ఒక్క పేరుకి నాలుగు సార్లు చూసుకోవాలి. నాకు మాత్రం అంతకుముందెప్పుడూ కలగనంత ఆశ కలిగింది. ఆఫ్రికాలో ఉన్న గనులన్నీ నా వేళ్ల కింద నుంచి పోతాయి. మారితే ఆయన వీటిలోనే ఒకదానికి మారి ఉండాలి. రాగి, నడుస్తున్నది, లోతు గని. ఈ మూడూ కలిసిన చోటల్లా పేరు ఒక చిన్న పుస్తకంలో రాసుకునేదాన్ని. ఇంటికెళ్లగానే అత్తయ్య అడిగేది:

"ఏవమ్మాయ్, ఇయ్యాలెన్ని గనులు చూశావ్?"

"మూడొందలు, అత్తయ్యా."

"మావాడు ఒక్కదాంట్లోనూ కనపళ్లేదా? సరిగ్గా చూశావా, లేకపోతే బస్సుకి టైమైపోయిందని గబగబా కొట్టేశావా?"

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ పేర్లకి ఉత్తరాలు కూడా పంపేవాళ్లం. ఇంగ్లీషులో నేను రాసేదాన్ని, కవరు అత్తయ్య అంటించేది.

పనికి ఒక పద్ధతి ఉండేది. ఒకరు కాగితం చూసి పైకి చదవాలి, ఇంకొకరు కొట్టాలి. అవే కాగితాలు ఇంకో జంట మళ్లీ కొడతారు. రెండూ కలవని చోటల్లా కంప్యూటరు పట్టిస్తుంది. నా పక్క సీటు అమ్మాయి చదువుతుంటే ఒకరోజు ఆ పేరు వచ్చింది. ఆయన కవర్ల మీది పేరు. ఆ అమ్మాయి రెండక్షరాలు పలికేసరికే నా వేళ్లు మొత్తం కొట్టేశాయి. రాగి, గని, మూత. కారణం ఆ అమ్మాయి ఇంకా చదవనే లేదు, నేను మూడు కొట్టి కింది లైనుకి దిగిపోయాను. నాకు తెలిసిందేగా! నిండుకుంది. పైగా ఎంత సంతోషమో. అంత దూరపు వాళ్ల కాగితంలో కూడా మా సంగతే ఉంది, మాకు చెప్పింది నిజమే అని.

నాలుగో రోజు సూపర్‌వైజరుగారు కలవని లైన్ల లిస్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఏవండీ, మీరు తప్పులు చెయ్యరుగదా, ఇదేంటి? మీరు మూడు కొట్టారు, వాళ్లు ఐదు కొట్టారు."

"మూడేనండీ. అది అయిపోయిన గనే."

"మీకెలా తెలుసు?" అన్నారావిడ తేలిగ్గా. కాగితం నా ముందు పెట్టి వేలు ఆనించారు. గని నీళ్లతో నిండిపోయింది, వదిలేశారు, మళ్లీ తెరవలేదు, అని రాసుంది. పక్కన నెలా, సంవత్సరమూ. బాబాయిగారు బజారుకి నడిచొచ్చిన నెల.

"కాగితంలో తప్పు పడి ఉంటుందేమోనండీ" అన్నాను.

"ఉండొచ్చు. మనకెందుకు? ఉన్నది ఉన్నట్టు కొట్టండి."

మూడు చెరిపి ఐదు కొట్టాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. ఎంత లోతో ఉంది, రోజుకి ఎన్ని టన్నులు తీసేవారో ఉంది. లోపల ఎవరున్నారో రాయడానికి ఆ పట్టీలో గడి లేదు. నాకు ఏడుపు రాలేదు. తర్వాతి కాగితం తీసుకున్నాను. ఆ రోజు సాయంత్రం దాకా కొట్టాను, ఒక్క తప్పు కూడా పడలేదు. మర్నాడు ఆవిడే చెప్పారు.

బస్సు దిగి నేరుగా బూతుకి వెళ్లాను. జనం పోయేదాకా బెంచీ మీద కూర్చున్నాను.

"బాబాయిగారూ, ఆ రోజు ఆఫ్రికా నుంచి చేసినాయన సరిగ్గా ఏ మాటన్నాడో చెప్పండి. మీరు మాకు చెప్పింది కాదు. ఆయనన్నది."

ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. "శ్రీకాకుళం వైపు మనిషమ్మా, మాట మనలాగా లేదు. గాబరాగా ఉన్నాడు. గని నిండిపోయింది, నిండిపోయింది అన్నాడు రెండు సార్లు. వాళ్ల వైపు అలా అంటారు కాబోలనుకున్నా. మన వైపు నిండుకుందంటాంగదా, అలాగే చెప్పా మీ అత్తగారికి."

"ఆయన గురించి ఏమన్నాడు?"

"కిందున్నాడు అన్నాడమ్మా. మీవాడు కిందే ఉన్నాడండీ, అన్నాడు. ఫోను మేడ మీదుంది కాబోలు, దిగి పిలవడం కుదర్లేదనుకున్నా."

"బాగానే ఉన్నాడని కూడా చెప్పారు."

"అది నేనే అన్నాను తల్లీ. ఆడవాళ్లు కంగారు పడతారని." ఆయన నా మొహం చూసి స్టూలు మీంచి లేచాడు. "ఏం, ఏమైందమ్మా?"

ఏం లేదు బాబాయిగారూ అన్నాను. ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. నాలుగైదేళ్ల తర్వాత ఒకరోజు, ఏ సంబంధమూ లేకుండా, పప్పు తాలింపు పెడుతుంటే వచ్చింది. అప్పుడు మాత్రం చేతిలో గరిటె గోడకేసి కొట్టాను.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య చేటలో ఎండు నెత్తళ్లు పోసుకుని ఇసక ఏరుతోంది. ఎన్ని గనులని అడిగింది. ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను గానీ ఏమీ తట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గనిలోకి నీళ్లొచ్చేశాయట, ఆయన లోపలే ఉన్నాడట, మనకి ఫోనొచ్చిన రోజే. ఆవిడ ఏరుతూనే ఉంది. చేటలో చేపలన్నీ అయిపోయాక అడిగింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. బొట్టు తియ్యకు. నీ మొహం అలా చూస్తే నాకు వాడు పోయినట్టే. నేనున్నన్నాళ్లు ఉంచు, నేను పోయాక నీ ఇష్టం."

సరే అన్నాను. మా మామగారు పోయినప్పుడు శవం దొరక్క ఆవిడ ఎన్నాళ్లు బొట్టుతో ఉందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు గడిచాయి. గనుల పట్టీ పూర్తయింది, వాళ్లకి పంపించేశాం. వేరే పనులొచ్చాయి. వీధిలో ఎవరైనా "మీ ఆయన ఎప్పుడొస్తున్నారండీ?" అంటే, "వస్తారండీ, సెలవు దొరకడం లేదట" అనేదాన్ని. అత్తయ్య పక్కనే ఉండేది. తను ఏమీ కలిపేది కాదు, కాదనేదీ కాదు. ఎన్ని గనులని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మేమిద్దరం ఒకే కంచం ముందు కూర్చుని ఆ అబద్ధంలో బతికాం, అదేం కష్టంగా కూడా లేదు. అలవాటైపోయింది. అదే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఒక వానాకాలం పొద్దున అత్తయ్య నిద్రలోనే పోయింది. వీధి వాళ్లందరూ వచ్చారు. వాన వచ్చేలా ఉంది. పెద్దాయన ఒకాయన నా దగ్గరికొచ్చి, తువ్వాలు చేతిలో పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఒక్కడే కొడుకు. కబురు చేశారా? విమానంలో వచ్చినా రెండ్రోజులు పడద్ది. వచ్చేదాకా ఉంచాలంటే ఐసు తెప్పించాలి. ఏం చేద్దాం?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నా నుదుటి మీద పొద్దున పెట్టుకున్న బొట్టు ఉంది.

"ఉంచక్కర్లేదండీ" అన్నాను. "ఆయన రారు. తీసుకెళ్లండి."

అప్పుడొచ్చింది ఏడుపు. గోడ పట్టుకుని కూర్చుండిపోయి, ఊపిరి అందనంత ఏడ్చాను. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పట్టుకున్నారు. కన్నకూతురైనా ఇంతలా ఏడవదు, అత్తగారంటే ఎంత ప్రేమో పాపం, అని అనుకోవడం నాకు వినపడుతూనే ఉంది.