గింజల సేటు

మొన్న తొలకరి పడ్డ సాయంత్రం జనగామ బస్టాండులో నిలబడి ఉంటే ఫోను మోగింది. ఎవరో విత్తనాల కంపెనీ అమ్మాయి, తేనె పూసిన గొంతుతో, పత్తి గింజలు కావాలా సార్ అని అడిగింది. నాకున్న వ్యవసాయమంతా బాల్కనీలో ఒక్క పూలకుండీ, అదీ మా ఆవిడ దయవల్ల బతుకుతున్నది. అయినా ఆ ఫోను పెట్టేయలేకపోయాను. ఒకప్పుడు నేనూ గింజల సేటునే.

అప్పట్లో మహబూబాబాద్‌లో గృహహింస చట్టాన్ని అమలుచేసే ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఆఫీసంటే రాజభవనాన్ని ఊహించుకోకండి. ఒకటే గది, ఫ్యాను వేస్తే పైకప్పు కూడా తిరిగేది, గోడమీది బల్లి సర్వీసులో మా మేడం కంటే సీనియరు. కోర్టు ఉత్తర్వుతో తిరిగి కాపురానికి పోయిన ఆడవాళ్ళ క్షేమం నెలనెలా కనుక్కోవాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఇంటికంతా ఒకటే ఫోనుండి, అదీ మొగుడి జేబులో ఉంటే ఎలా కనుక్కోవాలో మాత్రం ఆ పెద్దలు రాయడం మరిచారు.

తొర్రూరు దాపున ఒక తండా నుంచి చేతికి కట్టుతో వచ్చిన చెల్లె ఒకామె, ఉత్తర్వు తీసుకుని తిరిగి కాపురానికి పోయేముందు, ఆ చిక్కు విప్పింది. తల్లిగారిది భూపాలపల్లి వైపు. ఇంట్లో లంబాడీ మాట, మాతో తెలుగు. రెంటిలోనూ నవ్వకుండా నవ్వించే మనిషి.

"ఆఫీసోళ్లమని చేస్తే ఆ పూటే నా వీపు పగుల్తదన్న. గింజల సేటునని చెయ్యి. ఎంత కొట్టినా పత్తి కాడ మాత్రం నన్నే అడుగుతడు."

నేను ఆమె మొగుడికి ఫోను చేసి గింజలు కావాల్నా అని అడగాలి. అతను ఆమెను అడుగుతాడు. వద్దంటే క్షేమం, కావాలె అంటే మేం జీపు తీసుకుని ఉరకాలి. భార్య క్షేమ సమాచారాన్ని మొగుడే స్వయంగా సర్కారుకు మోసుకొచ్చే ఈ ఏర్పాటుకి మా మేడం మురిసి, ఆఫీసంతటికీ మిర్చి బజ్జీలు తెప్పించింది.

పత్తి కాలం దాటితే పెసలు, పెసల కాలం దాటితే నువ్వులు, అన్నీ దాటితే ఆకాశంలో చుక్కలు కూడా అమ్మజూపాను. కార్తెతో పనిలేని సేటు భూమండలంలో నేనొక్కణ్ణే. ఫోనులో దూరంగా గిన్నెల చప్పుడు, దాని వెనక ఆమె గొంతు, వద్దను, ఇప్పుడేం వద్దను అని. మొగుడు నాకు చుట్టమైపోయాడు. "నువ్వొక్కనివే సేటు మమ్ముల యాది చేసేది," అన్నాడొకసారి. ఆ రోజు ఫోను పెట్టి చాలాసేపు నవ్వుకున్నాం.

ఒక తొలకరికి మళ్ళీ పత్తి గింజల దగ్గరికొచ్చాను. అతను ఎవరినీ పిలవలేదు, ఎవరినీ అడగలేదు. వెనక గిన్నెల చప్పుడు లేదు.

"ఈ ఏడు వద్దు సేటు. పత్తి ఏరేటామె లేదు."

మేడం, పోలీసులు, నేను జీపులో పరుగెత్తాం. అలిగి తల్లిగారింటికి పోయిందన్నాడు అతను, పశువులకు నీళ్ళు పెడుతూ. భూపాలపల్లి వైపు పోయి అడిగితే, రాలేదని ఆ తల్లి ఏడ్చింది. బావులు వెతికారు, చెరువులు వెతికారు. అతన్ని ఠాణాకు తీసుకుపోయారు, ఆధారం లేదని వదిలేశారు. డోర్నకల్ స్టేషనులో జామకాయలమ్మే అవ్వ మాత్రం అట్లాంటి మనిషి సంచితో రైలెక్కిందని చెప్పింది. మేడం నమ్మలేదు. నేను నమ్మాను, ఇంకా నమ్ముతూనే ఉన్నాను.

జీపు దిగిన ఆ రోజు తండాలో నేను నోరు తెరవగానే అతను తేరిపార చూశాడు. "నీ గొంతు మా గింజల సేటు లెక్కుంది సార్." లోకంలో ప్రతిదానికీ ఒక జోకు జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి, ఆ పూట మొహం తిప్పుకుని జీపెక్కాను.

ఇప్పుడు కాలం మారింది. ఆఫీసుకి పెద్ద భవనం వచ్చింది, గోడలమీద సాయం నంబర్లున్నాయి, ఆడపిల్లలు మొగుడి ఎదుటే ఫోను తీస్తున్నారట. సేటు వేషం ఎవరికీ అక్కర్లేదు. మంచిదే. కానీ ఆ చెల్లె కంఠతా పట్టిన నంబరని, నా పాత నంబరు ఇంతవరకు మార్చలేదు. గింజలని ఆడగొంతు వినబడితే చాలు, దాని వెనక గిన్నెల చప్పుడు కోసం చెవి పెడతాను.

ఎక్కాల్సిన బస్సు కదిలిపోయింది. ఇంతకీ కావాలా వద్దా సార్ అని కంపెనీ అమ్మాయి విసుక్కుంది.

కావాలె, అన్నాను.